చూరు నీళ్ళు

మే 14, బుధవారం

పొద్దుటి నుంచీ ఉక్క. ఆకు కదల్లేదు. కొల్లేరు వైపు నుంచి చేపల మేత వాసన మాత్రం వచ్చింది. వెనక గది మీద తాటాకు విప్పడం ఇవాళ్టితో అయింది. నేను పైనుంచి తోస్తుంటే మా ఆవిడ ప్రసన్న కింద కుప్ప వేసింది. నాన్న కప్పించిన ఆకు. కింది వరస ఇంకా గట్టిగానే ఉంది. పై వరస చెయ్యి వేస్తే పొడి అయిపోయింది. రెండు తేళ్ళు, ఒక ఎలుక గూడు.

ఆ గదిలో ప్రసన్న మెషీను పెట్టుకోవాలి. నిరుడు వరండాలో కుడుతుంటే జల్లు కొట్టి బడిపిల్లల చొక్కాలన్నీ మరకలు పడ్డాయి. ఈ ఏడు మళ్ళీ యూనిఫారాలు ఒప్పుకుంది. బడులు తెరిచేలోపు ఇవ్వాలి, ఈసారి పాడైతే ఇంకెవరూ ఇవ్వరు. వానలు ముందే వస్తాయంటున్నారు. చేపల చెరువు మీద నా పని పోయిన దగ్గర్నుంచీ ఇల్లు ఆ మెషీను మీదే నడుస్తోంది. ఇది రాయాల్సిన పని లేదు. రాశాను.

మే 15

తాడేపల్లిగూడెం నుంచి నీలం రేకులు వచ్చాయి. అక్కడ పొడవు ఎంత చెబితే అంత కోసి ఇస్తారు. ఇంటి గోడ నుంచి పాత చూరు కొస దాకా టేపు పట్టి, ఆ కొలతే ఇచ్చాను. సరిగ్గా అదే పొడవు కోసి పంపారు. వాళ్ళ తప్పేమీ లేదు.

ఒక రేకు ఇనప దూలాల మీద పరిచి చూశాను. గట్టు రాయి దాటి అడుగు పైగా అన్నయ్య జాగాలోకి పోయింది.

తాటాకు ఇంటికి చూరు బాగా దిగాలి, లేకపోతే మట్టిగోడ కరిగిపోతుంది. నాన్న అలాగే దింపాడు. అప్పుడు అటూ ఇటూ ఒకటే దొడ్డి. నాన్న పోయాక మా చర్చి సంఘం పెద్దలు వచ్చి, సగం సగం కొలిచి రాయి పాతారు. ఆ రాయి చూరు కిందకే వచ్చింది. చూరు నీళ్ళు ఎవరివి వాళ్ళ జాగాలోనే పడాలి, అదొక్కటి మరిచిపోకండి అన్నారు. రెండు వానాకాలాలు నా చూరు నీళ్ళు అన్నయ్య దొడ్లోనే పడ్డాయి. నాన్న వేసిన ఆకు కదా అని ఎవరూ నోరెత్తలేదు. నేను నాన్న చూరుని నా చూరు అనుకుని కొలత ఇచ్చాను.

రాజ్యం వదిన కంచె దగ్గర బట్టలు ఆరేస్తూ పైకి చూసింది. "మీ రేకు మా దొడ్లోకి తొంగి చూస్తోందేంటి మరిదిగారూ?" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ ఏదైనా నవ్వుతూనే అంటుంది.

మే 16

ఉక్క. పని సాగలేదు.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. చేపల ఐసు పెట్టెలకు లోపల రేకు కొట్టే పని అతనిది. చేతులు ఎప్పుడూ గీతలు పడే ఉంటాయి. రేకు కింద నిలబడి చాలాసేపు చూశాడు.

"ఉండనీరా తమ్ముడూ. నాన్న దోనె మా పాక వెనకాల పడుంది. రాయి మీదుగా పెట్టుకుంటే నీ నీళ్ళూ నా నీళ్ళూ అందులో పడి వీధి కాలవలోకి పోతాయి" అన్నాడు.

నాన్న తాటి మాను తొలిపించి చేయించిన దోనె అది. మంచిదే. కానీ దోనె పెడితే రేపు వదిన ఏమంటుంది? ఆ దోనె మీద మరిదిగారి రేకు పడుకుంది అంటుంది. వాళ్ళు ఉండనిస్తే ఉండే రేకు నాకెందుకు? కోసేస్తానన్నాను. నీ ఇష్టం అని వెళ్ళిపోయాడు.

ప్రసన్న వంటింట్లోంచి విన్నది. "బావగారు బాగానే చెప్పారు కదండీ" అంది.

మే 17

అన్నయ్య తన రేకుల కత్తెర కంచెకు తగిలించి పోయాడు. పొడుగు పిడుల కత్తెర. నిప్పు లేదు, చప్పుడు లేదు, కాకపోతే నిదానం. అడిగితే ఇవ్వడం ఒకటి, అడక్కుండా తగిలించడం ఒకటి. నేను ముట్టుకోలేదు.

భీమడోలు వెళ్ళి, పనిముట్లు అద్దెకిచ్చే మధుబాబు దగ్గర రేకు కోసే కరెంటు గ్రైండరు తెచ్చాను. రేకుకు వేసే సన్న బ్లేడు వేసి ఇచ్చాడు. చేతి తొడుగులు ఇచ్చాడు. కళ్ళజోడు రెండు బల్ల మీద పెట్టి, పట్టుకునేవాళ్ళు కూడా ఉంటారు కదండీ అన్నాడు. కోసేది నేనొక్కడినే అని ఒకటి తీసుకున్నాను. రేకుల పని గురించి ఇంకా ఏదేదో చెప్పబోయాడు. నాకు తెలుసునన్నాను.

మే 18, ఆదివారం

ఆరాధనకు వెళ్ళాం. పని లేదు. మధ్యాహ్నం పడమట మబ్బు పట్టి విడిపోయింది.

మే 19

తెల్లారేసరికి మబ్బు. ఎండ లేకపోవడం పనికి మంచిదే.

రేకు కొయ్యడం ఇలా చేశాను. నేల మీద రెండు కొయ్య దుంగలు, వాటి మీద గోనెసంచులు. రేకు తిరగేసి రంగు వైపు కిందికి పెట్టాను, రంగు గీసుకోకుండా. రెండు అంచులా టేపు పట్టి చుక్క పెట్టి, బొగ్గుపొడి అద్దిన దారం లాగి కొట్టాను. గీత సన్నగా పడింది. ఒకసారి కొలిచి నమ్మకూడదు. మళ్ళీ కొలిచాను. రేకులో గట్టులా లేచిన మడత ఎక్కేచోట బ్లేడు పట్టేసి వెనక్కి తంతుంది, అక్కడ చెయ్యి నెమ్మదించాలి. తొడుగులు వేసుకున్నాను. నిండు చేతుల చొక్కా. కళ్ళజోడు. లుంగీ తీసేసి పాత ప్యాంటు వేసుకున్నాను. జాగ్రత్తలన్నీ తీసుకున్నాను.

మొదటి రేకు బాగా తెగింది. నిప్పురవ్వలు కంచె వైపు పోయాయి. వదిన బయటికి వచ్చి, వంటపాక తాటాకు పాకండీ, రవ్వలు పడుతున్నాయి అంది. ఈసారి నవ్వలేదు. సరే అన్నాను. మా నీళ్ళే కాదు, మా నిప్పు కూడా వాళ్ళ జాగాలో పడదు అన్నాను. దుంగలు ఇటు తిప్పి, రేకు ఇటు తిప్పి పెట్టాను.

రేకు అదరకుండా ప్రసన్న కొస మీద గోనెసంచి వేసుకుని కూర్చుని పట్టుకుంది. తిప్పకముందు రవ్వలు ఆమెకు అవతలి వైపు పోయేవి.

మూడో రేకు కోస్తుండగా ఆమె కంట్లో నలుసు పడింది. బిందె దగ్గరికి వెళ్ళి కడుక్కుని వచ్చింది. ఇంకా కరకరలాడుతోందంది. నలిపితే పోతుందన్నాను. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది. ముందే అలా కూర్చోవాల్సింది.

సగం రేకులు అయ్యాయి. గీతకు ఇటూ అటూ జరగలేదు.

మే 20

మబ్బు దట్టంగా ఉంది. మిగతా రేకులు కోసేశాను. ప్రసన్న కన్ను ఎర్రబడింది. వదిన చూసి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అంది. వాన తలమీద ఉంది, గది మీద కప్పు లేదు, బట్టల బేళ్ళు వరండాలో ఉన్నాయి. ఇవి వదినకు తెలియవు. ప్రసన్న కూడా, ముందు పని కానివ్వండి అంది. అందనే గుర్తు.

పడుకోబోయే ముందు ఆముదం చుక్క వేశాను. అమ్మ మాకు అలాగే వేసేది.

మే 21

రేకులు ఎక్కించి స్క్రూలు బిగించాను. గట్టు గట్టులో కూర్చుంది. పైకి ఎక్కి కొసన కన్ను పెట్టి చూస్తే అంచు దారం లాగినట్టు ఉంది. గట్టు రాయికి జానెడు ఇవతల ఆగింది. తాపీ మేస్త్రీ వచ్చి చూసినా వేలు పెట్టడానికి లేదు.

ప్రసన్నను పిలిచి చూపించాను. ఒక కన్ను కొంగుతో మూసుకుని చూసింది. బాగుందండీ అంది.

మే 22

సాయంత్రం వాన. పెద్ద వాన. గదిలో ఒక్క చుక్క పడలేదు. చూరు నీళ్ళన్నీ మా జాగాలోనే పడ్డాయి. రాయి అవతల నేల మా నీళ్ళతో తడవలేదు. నేను వరండాలో నిలబడి చూశాను. వదిన చూస్తుందేమో అనుకున్నాను. వాళ్ళ తలుపు వేసి ఉంది.

ప్రసన్న మెషీను గదిలో పెట్టించుకుని కుట్టడానికి కూర్చుంది. వాన చప్పుడుకు రేకు కింద మాట వినపడదు. కాసేపటికి చూస్తే తల మెషీను మీద వాల్చి ఉంది. సూదిలో దారం ఎక్కడం లేదంది. దీపం దగ్గర వెలుగు చూడలేకపోతోంది. కంటి నుంచి నీళ్ళు ఆగడం లేదు.

రేపు ఏలూరు.

మే 23

ఏలూరు కంటి ఆసుపత్రి. భీమడోలులో రైలు ఎక్కాం. అన్నయ్య స్టేషను దాకా వచ్చాడు, నేను రమ్మనలేదు.

మా అమ్మాయి మెర్సీ ఏలూరులోనే నర్సింగు చదువుతోంది. ఆ తెల్ల బట్టల్లోనే ఆసుపత్రికి వచ్చింది. తల్లి రెప్ప ఎత్తి చూసి నా వైపు తిరిగింది.

"కళ్ళజోడు ఎవరు పెట్టుకున్నారు నాన్నా?"

నేను చెప్పేలోపు ప్రసన్న అందుకుంది. "నేనే దగ్గరకి పోయానే. నాన్న వద్దంటూనే ఉన్నారు" అంది.

నేను వద్దనలేదు. అంటే, ఆ చప్పుడులో అన్నా వినపడదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నల్లగుడ్డు మీద ఇనప రవ్వ గుచ్చుకుని ఉందట. సూదితో తీసింది. ఇన్నాళ్ళు ఏం చేశారండీ అని అడిగింది. పని ఉందండీ అంది ప్రసన్న. ఆముదం సంగతి తల్లి దగ్గర విని మెర్సీయే చెప్పింది. రవ్వ ఉన్నచోట చుట్టూ తుప్పు దిగిందట, పైన పుండు కట్టిందట. చుక్కలు గంటగంటకీ వెయ్యాలి. పుండు మానినా మచ్చ నిలుస్తుంది, మచ్చ నడిమధ్యన ఉంది కాబట్టి ఆ కంటికి చూపు మసకే అంది. మా ఊళ్ళో దాన్ని కంట్లో పువ్వు వెయ్యడం అంటారు.

ఎలా జరిగిందని డాక్టరమ్మ కూడా అడిగింది. ప్రసన్న మెర్సీకి చెప్పిన మాటే చెప్పింది. నేను దగ్గరకి పోయానండీ అని.

మెర్సీ మమ్మల్ని రైలు ఎక్కించడానికి రాలేదు. తల్లిని ఆటో దాకా పట్టుకుని నడిపించింది.

మధుబాబు కళ్ళజోడు ఒకటే ఇచ్చాడు.

మే 24

చుక్కలు వేస్తున్నాను. గంటకోసారి.

మే 26

వాన. చుక్కలు. వంట నేనే చేశాను. ఉప్పు ఎక్కువైంది.

మే 28

యూనిఫారాల గుడ్డ తిరిగి ఇచ్చేశాం. బడివాళ్ళు పెంటపాడు అవతల ఎవరికో ఇచ్చుకున్నారట. ప్రసన్న ఒక్క కంటితో మూడు చొక్కాలు కుట్టింది, కాజాలు పక్కకి పోయాయి. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ పోయాయి. ఆ మూడూ మడతపెట్టి, మిగతా గుడ్డతోబాటు కట్టి ఇచ్చింది. తీసుకుపోయినవాడు, గది బాగా కట్టించారండీ అన్నాడు.

గదిలో మెషీను ఉంది. పైన రేకు ఉంది. గది చల్లగా లేదు. తాటాకు చల్లగా ఉండేది. దాని సంగతి ముందు ఎవరూ ఆలోచించలేదు.

మే 30

వీధిలో జనం అడుగుతున్నారు. ఎలా జరిగింది, ఎవరు కోశారు, ఎందుకు కోశారు. చూరు సంగతి చెబితే వదిన పేరు ఎత్తాలి. వదిన పేరు ఎత్తితే, అన్నయ్య దోనె పెడదామన్నాడు కదా అంటారు. కత్తెర ఇంకా కంచెకే వేలాడుతోంది. వానకు తడుస్తోంది. అన్నయ్య తీసుకుపోడు.

జూన్ 1, ఆదివారం

పొద్దున తెరిపి ఇచ్చింది. ఆరాధనకు వెళ్ళాం. ప్రసన్న కంటికి కట్టు ఉంది. ఆడవాళ్ళ వైపు గోడ పక్కన కూర్చుంది, పక్కన రాజ్యం వదిన.

ప్రార్థన మనవులు ఉంటే చెప్పండని పాస్టరు అయ్యగారు అడిగారు. అందరూ నా వైపే చూస్తున్నట్టు ఉంది. లేచాను. మా ఇంటిదాని కన్ను కోసం ప్రార్థించండి అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఎలా జరిగింది బాబూ అని సంఘం పెద్ద పేతురు గారు కూర్చున్నచోటి నుంచే అడిగారు. నాన్న వయసువాడు, మా గట్టు రాయి పాతించింది ఆయనే.

"నేను వద్దంటూనే ఉన్నానండీ. మాట వినకుండా దగ్గరకి వచ్చింది" అన్నాను.

అంతే అన్నాను. డాక్టరమ్మ ముందు తను చెప్పిందీ ఆ మాటే. కూతురికి చెప్పిందీ అదే. నేను కొత్తగా కల్పించింది ఏమీ లేదు.

ఆడవాళ్ళం మాట వినం కదండీ అని ఎవరో ముసలమ్మ అంది. కొందరు నవ్వారు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు, విధేయత గురించి కూడా ఒక మాట వేశారు. కళ్ళు తెరిచి చూస్తే ప్రసన్న కొంగు తలమీదికి ఇంకా కిందికి లాక్కుని ఉంది. వదిన నన్నే చూస్తోంది. ఆ రోజు మూడో రేకు కోసినప్పుడు వదిన కంచె దగ్గరే ఉంది.

దారిలో ప్రసన్న వెనకగా నడిచింది. రైలు గేటు పడితే ఇద్దరం పక్కపక్కన ఆగాం. గూడ్సు బండి, చాలా పొడుగు. అది పోయాక ప్రసన్న అంది.

"ఆసుపత్రిలో ఆ మాట మీ కోసం అన్నానండీ. ఇవాళ మీరు నన్ను నిలబెట్టి అన్నారు."

గేటు లేచింది. తను ముందు నడిచింది.

జూన్ 2

ఏమన్నానని? తను అన్న మాటే కదా.

జూన్ 3

చుక్కలు వెయ్యబోతే సీసా తనే తీసుకుంది. అద్దం చూసుకుంటూ వేసుకుంది. రెండు చుక్కలు చెంప మీదకి పోయాయి.

మెర్సీ ఫోను చేసింది. వాళ్ళమ్మతోనే మాట్లాడింది. సంఘంలో సంగతి దానికి ఎవరు చెప్పారో.

జూన్ 4

గ్రైండరు తిరిగి ఇచ్చేశాను. మధుబాబు కళ్ళజోడు తిప్పి చూసి, అద్దం మీద గీతలు పడ్డాయండీ అన్నాడు. మంచిదే, ఇవి మీ కంటికి తగలాల్సినవి అన్నాడు. ఇంట్లో సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

జూన్ 5

ఎండ కాసింది. రేకు మీదికి ఎక్కాను. కోసిన అంచు పొడుగునా, ఇంకా పైకి కూడా, ఎర్రగా చిన్న చిన్న చుక్కలు. కోసినప్పుడు రాలిన ఇనప పొడి కింది గోనెసంచుల మీద పడి రంగు వైపుకు అంటుకుంది. అది దులపకుండా ఎక్కించాను. వానకు అక్కడల్లా తుప్పు పట్టింది. పాత గుడ్డతో తుడిస్తే పోలేదు. గోకితే రంగు కూడా లేస్తోంది. బ్రష్షుతో దులిపి ఎక్కించుకోవాలని మధుబాబు ఆ రోజు చెప్పబోయింది ఇదేనేమో. కోసిన అంచుకు రంగు కూడా రాయాలట. రాయలేదు.

పైనుంచి చూస్తే అన్నయ్య దొడ్లో దోనె కనిపించింది. తన చూరు కిందే, తన జాగాలోనే పెట్టుకున్నాడు. నిండా నీళ్ళు. కాకి తాగుతోంది.

దిగేటప్పుడు అన్నయ్య కంచె అవతల ఉన్నాడు. ఏదైనా అంటాడని ఆగాను. కత్తెర తీసుకుని, తుప్పు పట్టిన మొనను వేలితో రుద్ది చూసుకుంటూ లోపలికి పోయాడు.

జూన్ 6

పెంటపాడు నుంచి అత్తయ్య కృపమ్మ వచ్చింది. నేను కబురు పెట్టలేదు. కాళ్ళు కడుక్కోకుండానే కూతురి కట్టు విప్పి చూసింది. మళ్ళీ కట్టింది. మంచినీళ్ళు తాగింది.

"పిల్లని కొన్నాళ్ళు తీసుకెళ్తానండీ అల్లుడుగారూ. చుక్కలు వెయ్యడానికి మనిషి ఉండాలి కదా. మీకు పన్లు ఉంటాయి" అంది.

నాకు ఏ పనీ లేదని ఆవిడకి తెలుసు.

ఎన్నాళ్ళు అని అడిగాను. ప్రసన్న చీరలు మడతపెడుతోంది. వేసవి చీరలూ పెట్టింది, ఉన్ని శాలువా కూడా పెట్టింది. మెషీను కూడా తీసుకెళ్తానంది. ఎందుకు, కన్ను బాగవ్వకుండా అన్నాను. ఉన్న కంటితో నేర్చుకుంటానండీ అంది. గది ఉంది కదా, ఇక్కడే నేర్చుకో, నీ కోసమే కదా వేశాను అన్నాను.

తను పైకి, రేకు వైపు చూసింది.

"నా కోసం అయితే కత్తెరతో కోసేవారండీ" అంది.

జూన్ 7, శనివారం

మబ్బు, వాన లేదు. పని ఏమీ చెయ్యలేదు.

ప్రసన్న, అత్తయ్య ఎనిమిది గంటల బస్సుకు వెళ్ళారు. వదిన వీధి చివరి దాకా సంచీ మోసింది. మెషీను మధ్యాహ్నం వెళ్ళింది. అన్నయ్య ఆటో తెచ్చి, తనే ఎత్తి పెట్టుకుని, కూడా వెళ్ళాడు.